బోరింగు దగ్గర చీరల చాటు

మా మేనత్త పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను దుకాణంలో పెళ్లి జాకెట్టు ఒకదానికి అంచు వేస్తున్నాను. ఆదిలాబాదులో పత్తి సీజను నడుస్తోంది. జిన్నింగు మిల్లుకు పోయే బండ్లు మా వీధి చివరిదాకా ఆగి ఉన్నాయి. ఆ హారన్ల మోతలో అత్త కూతురు, మా వదిన గొంతు మొదట వినపడలేదు. "అవ్వ పోయింది పిల్లా," అని రెండోసారి చెప్పింది. పొద్దున లేచి ముఖం కడుక్కొని గడప పక్కన గోడకు ఆనుకొని కూర్చుందట. వదిన చాయ్ తెచ్చేసరికి తల ఒక పక్కకు వాలిపోయి ఉందట. జాకెట్టు కోసం వచ్చి కూర్చున్న మరాఠీ ఆమె నా ముఖం చూసి "కాయ ఝాలం తాయీ?" ఏమైందక్కా అని అడిగింది. "అత్త" అన్నాను.

మీలో ఎవరూ ఆమెను ఎరగరు. కానీ మీ ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ పాడైతే పాతసామాన్ల బండికి వేసే ఉంటారు. ఆటో ఉన్నవాళ్లు, ట్రాక్టరు ఉన్నవాళ్లు ఎన్నోసార్లు వేసి ఉంటారు. ఆ బరువైన నల్ల డబ్బా ఆ తర్వాత ఎక్కడికి పోతుందో, దాన్ని పగలగొట్టి లోపల ఎవరు చేతులు పెడతారో మనం అడగం. అట్లా చేతులు పెట్టినవాళ్లలో మా అత్త ఒకతె.

మా అవ్వ, నన్ను కన్నతల్లి, నా చిన్నతనంలోనే పోయింది. బాపు భీవండి మగ్గాలకు పనికి పోయాడు. నన్ను అత్తే తన కూతురితో పాటు సాకింది. హుజూరాబాదుకు దగ్గర్లో ఊరు. అప్పట్లో ఆమె బీడీలు చుట్టేది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆకు పట్టి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేదాకా ఆమె కళ్లు చేతుల మీద ఉండేవే కావు, మా మీద ఉండేవి. ఆ వేళ్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. నాకు సూది పట్టడం నేర్పిందీ ఆమే. నేను దారాన్ని బిగించి లాగితే "గుంజకు బిడ్డా, జర పట్టుకో సాలు, దాని తొవ్వన అదే పోతది," అనేది. ఈ రోజుకీ కాజాలు కుట్టేటప్పుడు నా చెయ్యి బిగుసుకుంటే ఆ మాటే వినపడుతుంది.

మామ పోయాడు. బీడీ కంపెనీవాళ్లు ఆకు ఇచ్చే రోజులు తగ్గించుకుంటూ వచ్చారు. అదే కాలంలో ఊరు దాటాక, పత్తి చేన్ల మధ్య ఒక రేకుల షెడ్డు లేచింది. బోర్డు లేదు. లారీల్లో పాత బ్యాటరీలు దిగేవి. మగవాళ్లు గొడ్డలితో పై మూత పగలగొట్టి లోపలి తేజాబును వెనక తవ్విన గుంతలోకి వంచేవాళ్లు. ఆసిడ్‌ను అక్కడ తేజాబనే అంటారు. లోపలి సీసం పలకల్ని ఊడదీసి కుప్ప పోయడం, ఖాళీ డబ్బాల్ని తొట్టిలో కడగడం ఆడవాళ్ల పని. సీసాన్ని కొలిమిలో కరిగించి దిమ్మలు పోసేవాళ్లు. బీడీల కంటే కూలి మెరుగు, రోజూ పని. ఊళ్లో ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు పోయారు. అత్త కూడా పోయింది.

గుడ్డల మధ్య బతికేదాన్ని గనుక నేను మొదట చూసింది ఆమె చీరల్నే. ఒక పండుగకు పోయినప్పుడు తాడు మీద ఆరేసిన నూలు చీరకు జల్లెడలాగా తూట్లు ఉన్నాయి. వేలు పెడితే దారం పొడి పొడిగా రాలిపోయింది. "నూలు ఆగుతలేదు బిడ్డా. తేజాబు తుంపర పడ్డదంటె ఉతికేసరికి పోతది. గందుకే గీ నైలాను చీరెలు కడుతున్నం అందరం," అంది. నూలు తప్ప ఒంటికి ఏదీ సయించని మనిషి. చీరను అట్లా తినే తేజాబే కాళ్ల వేళ్ల సందుల్నీ తింది. ముందు పళ్లు నల్లబడి, అంచులు అరిగి కురచ అయ్యాయి. ఏం తిన్నా నోట్లో ఇనుము నాకినట్టు ఉందనేది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి బోర్లా పడుకునేది. గ్యాసు గోలీలు వేసుకొని పొద్దున్నే మళ్లీ షెడ్డుకు పోయేది.

ఆ తర్వాత కన్ను పోయింది. ఒకడు పెద్ద ఇన్వర్టరు బ్యాటరీ మీద గొడ్డలి వేస్తే లోపలి తేజాబు ఎగజిమ్మి పక్కన కూర్చున్న అత్త కుడి కంట్లో, చెంప మీద పడింది. షెడ్డులో నీళ్ల కోసం ఉరికారు. కరెంటు లేదు, మోటరు నడవదు, తొట్టిలో ఉన్నవి డబ్బాలు కడిగిన నీళ్లే. రోడ్డవతల బోరింగు దాకా ఆమెను నడిపించుకొని పోయి కొట్టేసరికి ఆలస్యమైంది. షెడ్డు నడిపే సేటు తన కారులోనే దవాఖానకు తీసుకుపోయాడు. దారిలో మెల్లగా చెప్పాడట: "బాత్రూం కడిగే ఆసిడ్ పడ్డదని చెప్పు అమ్మా. షెడ్డు పేరెత్తకు. దవాఖాన సంగతి నేను చూసుకుంట." ఆమె అట్లాగే చెప్పింది. వెంటనే నీళ్లతో బాగా కడిగి ఉంటే కన్ను దక్కేదేమోనని అక్కడి డాక్టరు అన్నాడు.

నేను పోయి కోపంగా అడిగాను. కట్టు కట్టిన ముఖంతోనే జవాబు చెప్పింది. "నిజం చెప్తే షెడ్డు మూస్తరు బిడ్డా. అండ్ల చేసేటోళ్లందరు ఏడికి పోవాలె? నాకు పోయింది ఒక్క కన్నే గదా." వదిన భర్త మస్కట్‌లో ఉన్నాడు. కంపెనీ మూతబడి, ఇంటికి రాలేక, పని దొరకక అక్కడే చిక్కుకుపోయాడు. వదిన పసిపిల్లతో తల్లి దగ్గరే ఉంది. కట్టు విప్పిన వారానికి అత్త మళ్లీ పలకల కుప్ప ముందు కూర్చుంది.

ఆ పసిపిల్ల సంగతి చెప్పాలి. అత్తకు లోకమంతా ఆ మనుమరాలే. సాయంత్రం అత్త వీధి మలుపు తిరగగానే పిల్ల గడప దిగి ఉరికేది. కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా చంకెక్కేది. అత్త కొంగుతో దాని ముక్కు, ముఖం తుడిచి, అట్లాగే కూర్చొని అన్నం కలిపి ముద్దలు పెట్టేది. మాటలు తొందరగా వచ్చిన పిల్ల. నేను ఫోను చేస్తే "అమ్మమ్మ పనికి పోయింది, నువ్వెవలు?" అని అడిగేది.

మూడేళ్లు నిండాక ఆ పిల్ల పాలిపోయింది. మట్టి తినడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకొని ఏడ్చేది. వచ్చిన మాటలు ఒకటొకటిగా పోయాయి. ముందు పెద్ద మాటలు పోయాయి, తర్వాత "అమ్మమ్మ" కూడా పోయింది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఒకరోజు ఫిట్సు వచ్చి కళ్లు తేలేసింది. కరీంనగర్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినప్పుడు నేనూ ఉన్నాను.

డాక్టరమ్మ పిల్ల కనురెప్పలు కిందికి లాగి చూసింది, చిగుళ్లు చూసింది. తర్వాత అత్త ముఖం మీది మచ్చను, పళ్లను చూసింది.

"ఇంట్లో ఎవరన్నా బ్యాటరీల పని చేస్తరా?"

"మా అవ్వ చేస్తది మేడం," అంది వదిన.

"పని నుంచి వచ్చినంక పాపను ఎత్తుకుంటవా అమ్మా?"

అత్త నవ్వుతూనే చెప్పింది. "నేనొచ్చేదాక గడప మీదనే ఉంటది మేడం. తానం సుత చెయ్యనియ్యది."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. సీసం పొడి కంటికి కనపడదని, చీరకు, జుట్టుకు, గోళ్ల సందులకు అంటుకొని ఇంటికి వస్తుందని, పెద్దవాళ్ల కంటే పసిపిల్లల ఒంట్లోకి ఎక్కువ ఎక్కుతుందని, మెదడుకు పడుతుందని. రక్తం తీసి హైదరాబాదుకు పంపాలంది. అత్తకూ పరీక్ష చేయాలంది.

పిల్ల అత్త ఒడిలోనే ఉంది. అత్త కొంగు చివరను నోట్లో పెట్టుకొని చప్పరిస్తోంది. అత్త తలవంచి చూసింది. ఆ కొంగును పిల్ల నోట్లోంచి మెల్లగా తీసింది. పిల్లను వదిన ఒడిలో పెట్టి, లేచి బయటికి పోయింది. ఆమెను వెతుక్కుంటూ పోతే దవాఖాన ఆవరణలో నల్లా దగ్గర ఉంది. మోచేతుల దాకా రుద్దుకుంటూ ఉంది. నేను పిలిస్తే తిరగలేదు. నల్లా కట్టేస్తే మళ్లీ తిప్పింది.

పరీక్షల్లో డాక్టరమ్మ అనుకున్నదే తేలింది. పిల్లను హైదరాబాదులో పెద్ద దవాఖానలో చేర్చారు. ఒంట్లోంచి సీసాన్ని దించే మందులు ఇచ్చారు. ఫిట్సు ఆగాయి. ముఖంలో కొంచెం రంగు వచ్చింది. మాటలు మాత్రం ఎంతవరకు వస్తాయో చెప్పలేమన్నారు.

ఆ రోజు నుంచి అత్త షెడ్డుకు పోలేదు. చీరలన్నీ చేను గట్టున తగలబెట్టింది. ఇల్లంతా తడిబట్టతో తుడిచింది. తల వెంట్రుకలు మెడదాకా కత్తిరించుకుంది. అయినా మనుమరాలిని ముట్టుకోలేదు. పడక బయట పంచలోకి మార్చుకుంది. కంచం వేరు పెట్టుకుంది. దవాఖాన నుంచి వచ్చిన పిల్ల మొదట్లో రెండు చేతులూ చాచి వచ్చేది. అత్త లేచి అవతలికి పోయేది. పిల్ల కిందపడి గుక్కపట్టేది.

"డాక్టరమ్మ ఎత్తుకోవద్దనలే అత్తా," అని నేను ఎన్నోసార్లు చెప్పాను. "పని మానినవు, తానం చేస్తున్నవు. ఎత్తుకోవచ్చన్నది."

"ఆమె అంటది బిడ్డా. నా చేతులల్ల ఏమున్నదో ఆమెకెట్ల ఎరుక? నాకే ఎరుక లేకపాయె."

కొన్నాళ్లకు పిల్ల రావడం మానేసింది. పంచలో అమ్మమ్మ ఉన్నా పక్కనుంచి నడిచిపోయేది. అత్త దాన్ని చూస్తూ ఉండేది. ఆ చూపు వదిన తట్టుకోలేకపోయేది. "అవ్వ పిల్లకు తనే విషం పెట్టినట్టు నా దిక్కు చూస్తది పిల్లా. నేను తిట్టిన్నా, కొట్టిన్నా?" అని నా దగ్గర ఏడ్చింది.

ఏం చేయాలో తోచక అత్త చేసిన పని ఒకటి ఉంది. షెడ్డు ఎదురుగా, రోడ్డవతల బోరింగు దగ్గర నాలుగు కర్రలు పాతి, ఇరుగుపొరుగు ఇళ్లలో అడుక్కొచ్చిన పాత చీరలు చుట్టూ కట్టింది. లోపల ఒక బండ, సబ్బు, బకెట్టు. పని విడిచే వేళకు పోయి అక్కడ నిలబడేది. "ఇంటికి పోకముందు గీడ తానం చేసి, చీరె మార్చుకొని పోండ్రి. ఇంకో చీరె సంచిల తెచ్చుకోండ్రి. పిల్లలను లోపలికి తేకుండ్రి," అని ఒక్కొక్కరికీ చెప్పేది. కొందరు పసిపిల్లల్ని తెచ్చి షెడ్డులోనే గుడ్డ ఉయ్యాల కట్టేవాళ్లు.

మొదట నవ్వారు. ఒకామె ముఖం మీదే అంది: "కన్ను పోయినప్పుడు నోరు మూసుకున్నవు. గిప్పుడు మాకు బుద్ధులు చెప్తున్నవా?"

"అప్పుడు నా ఒక్కదానికే అయిందనుకున్న. గందుకే మూసుకున్న," అంది అత్త.

మొదట చీరల చాటులోకి వచ్చింది చంటిపిల్లను చంకనేసుకొని పనికి వచ్చే ఒక చిన్న వయసు తల్లి. అత్త పిల్లను గుడ్డ మీద పడుకోబెట్టించి తాను బోరింగు కొట్టింది. అప్పటికే ఆమె మణికట్లు బలం పోయి వేలాడుతున్నాయి. పిడి పట్టుకోవడం చేతకాక దాని మీద ఒళ్లంతా వేసి కిందికి నొక్కేది. నీళ్లు పడుతుంటే ఆ తల్లి స్నానం చేసి, చీర మార్చుకొని, పిల్లను ఎత్తుకొని పోయింది. ఆ వారంలో ఇంకో ఇద్దరు వచ్చారు, తర్వాత మరికొందరు. నేను చూడడానికి పోయిన రోజు అత్త ఎంతో కాలానికి తిన్నగా నిలబడి కనిపించింది. "జర సబ్బులు పంపు బిడ్డా," అని అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

సేటు మనుషులు బోరింగు పిడి ఊడదీసుకుపోయారు. అత్త ఇంటి నుంచి బిందెలతో నీళ్లు మోసింది. అప్పటికే కాళ్లు ఉబ్బుతున్నాయి. వదిన బతిమిలాడినా వినలేదు.

ఆ వానాకాలం గుంతలోని తేజాబు నీళ్లు పొంగి వెనక చేన్లోకి పోయాయి. పత్తి మాడిపోయింది. ఆ నీళ్లు తాగి ఒక రైతు బర్రెలు చచ్చాయి. రైతులు పోయి ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి షెడ్డుకు తాళం వేశారు. ఫిర్యాదు రైతులదని ఊరందరికీ తెలుసు. అయినా పనిపోయిన ఆడవాళ్లు మా అత్త గడప ముందుకే వచ్చారు. "నీ మనుమరాలి పాపం మా పిల్లల నోటికాడి కూడు తీసింది," అన్నారు. అత్త పంచలో కూర్చొని విన్నది. ఆ సాయంత్రమే ఎవరో చీరల చాటును పీకి కాలవలో పడేశారు. అత్త పోయి ఆ చీరల్ని ఏరుకొచ్చి, ఉతికి, ఎవరివి వాళ్లకు ఇచ్చింది.

ఎక్కువ కాలం పట్టలేదు. షెడ్డు ఇంకోవైపు, మరింత లోపలికి, కంకర మిల్లు వెనక మొదలైంది. పొద్దున్నే వ్యాను వచ్చి ఆడవాళ్లను ఎక్కించుకుపోతుంది. చంటిపిల్ల తల్లి కూడా పోతోందని తెలిసి అత్త ఆమెను దారిలో ఆపి అడిగింది.

"ఆడ నీళ్లున్నయా?"

"ట్యాంకర్ వస్తది పెద్దమ్మా. తాగెతందుకే సాలవు."

అత్త వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చి పడుకుంది. ఆ తర్వాత ఆమె మూత్రపిండాలు పనిచేయడం లేదని తేలింది. కరీంనగర్‌లో డయాలిసిస్‌కు వదిన తీసుకుపోయేది, వీలైనప్పుడు నేనూ పోయేదాన్ని. గొట్టాల్లో తన నెత్తురు తిరుగుతుంటే దాని వంకే చూసేది. ఒకసారి నర్సు పక్కన ఉండగానే నన్ను అడిగింది. "నెత్తురు కడుగుతున్నరట గదా బిడ్డా. గా పిల్ల తలకాయల పడ్డదాన్ని గిట్ల కడుగరాదా? నాకు ఆపి దానికి పెట్టుమను." నర్సు ముఖం తిప్పుకుంది. నేను అత్త పాదాలు ఒత్తుతూ కూర్చున్నాను. ఆ పాదాల వేళ్ల సందులు అప్పటికీ మానలేదు.

ఫోను చేసినప్పుడల్లా ఆమె మొదటి మాట "తిన్నవా" కాదు, "చేతులు కడుక్కున్నవా?" అనే. నా దుకాణంలో సూదులూ దారాలే, కడుక్కోవడానికి ఏముందని నవ్వేదాన్ని. ఆమె నవ్వేది కాదు. "కడుక్కో బిడ్డా. కడుక్కుంటె పోయేదేమున్నది," అనేది. పోయిన వారం కూడా అదే అడిగింది.

నేను అత్త ఇంటికి చేరేసరికి పొద్దుగూకింది. భీవండి నుంచి బాపు రావాలి గనుక తెల్లవారి తీసుకుపోదామన్నారు. పొద్దున ఇంకా ఎండ రాకముందే వాకిట్లోకి ఆడవాళ్లు వచ్చారు. గడప ముందు నిలబడి తిట్టిపోయినవాళ్లే. ఎవరూ పిలవలేదు. ఒకామె పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఒకామె పసుపు నూరింది. అత్తను బల్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోశారు. చంటిపిల్ల తల్లి తన పిల్లను వదినకిచ్చి, అత్త చేతులకు సబ్బు పెట్టి రుద్దింది. ఒక్కొక్క వేలు పట్టుకొని, గోళ్ల సందులు కూడా విడవకుండా రుద్దింది. ఎవరో "ఇగ సాలు తియ్" అంటే వినలేదు.

నేను ఆదిలాబాదు నుంచి తెచ్చిన నూలు చీర కట్టాము. అప్పుడు మనుమరాలు లోపలి నుంచి వచ్చింది. ఇప్పుడు దానికి ఐదేళ్లు. కొన్ని మాటలే వచ్చు. జనాన్ని చూసి కాసేపు తలుపు పట్టుకొని నిలబడింది. తర్వాత నడిచి వచ్చి అత్త పక్కన కూర్చొని, ఆమె చెయ్యి తీసుకొని తన ఒడిలో పెట్టుకుంది. వదిన అలవాటుగా చేయి చాపి, పిల్లను లాగబోయి, ఆగిపోయింది. అత్త ఈసారి లేచి అవతలికి పోదని పిల్లకు ఎట్లా తెలిసిందో. వేళ్లను ఒకటొకటిగా మడిచి, విప్పి చూస్తూ కూర్చుంది.

రోడ్డు మీద వ్యాను హారను కొట్టింది. వాకిట్లో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హారను మళ్లీ మోగింది. ఒకామె వదిన దగ్గరికి వచ్చి, "పోకుంటె సేటు రేపటి సంది రావద్దంటడు వదినె. నువ్వేమనుకోకు," అంది. వదిన తలూపింది. చంటిపిల్ల తల్లి తన పిల్లను తీసుకుంది. తడి ఆరని చీరలతోనే అందరూ పోయి ఎక్కారు.

వ్యాను వెనక తలుపు లేదు. అది కదిలేటప్పుడు వాళ్లంతా ఎదురెదురుగా కూర్చొని కనిపించారు. చంటిపిల్ల ఏడుస్తోంది. తల్లి దాన్ని దగ్గరికి లాక్కొని, నైలాను చీర కొంగుతో దాని ముక్కు, నోరు తుడుస్తోంది.